మెట్ల కింద రాసిన నవల

పారిస్
1999 జనవరి 17

అక్కా,

పందికోత అయిపోయిందనీ, సాసేజీలు పొగలో వేలాడుతున్నాయనీ నువ్వు రాసిన ముక్క చదివి ఇక్కడ నోరూరి చచ్చాను. నా మోకాళ్ల సంగతి అడిగావు. అవి ఇక నావి కావులే, ఈ భవనానివి. ఆరంతస్తులు, నూట పన్నెండు మెట్లు, ఇరవై ఎనిమిదేళ్లు. డాక్టరు ఫోటో తీసి చూసి, "మీరేం పని చేస్తారు?" అని అడిగాడు. "మెట్లు తుడుస్తాను" అన్నాను. "కనబడుతూనే ఉంది" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు. నేనొక నవల రాశాను.

నవ్వకు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్నని నాకూ గుర్తుంది. మధ్యాహ్నం ఉత్తరాలు పంచాక, చెత్తడబ్బాలు వీధిలోకి తోసే వేళ దాకా నాకు రెండు గంటలు ఖాళీ. మెట్ల కింద నా గదిలో, పోర్చుగల్ పటం అంటించిన అలమర పక్కన కూర్చుని, ఆ రెండు గంటలూ ఆరేళ్లపాటు రాశాను. నాలుగో అంతస్తు మదాం వాస్యర్ ఒకప్పుడు పత్రికలో తప్పులు దిద్దే పని చేసేది. ఆవిడే తన టైపు మిషను కిందికి దింపించి ఇచ్చింది. అది ఫ్రెంచి మిషను, మన పోర్చుగీసు అక్షరాల నెత్తిన పెట్టే తోక దానికి రాదు. మూడు వందల పేజీల్లో ప్రతి తోకా పెన్నుతో నేనే పెట్టాను.

లిస్బన్‌లో ఇద్దరు ప్రచురణకర్తలకు పంపాను. ఒకరు పలకలేదు. రెండోవారు, "పరాయి దేశం పోయి పనిచేసినవాళ్ల కథలు ఇప్పుడెవరు చదువుతారండీ" అని రాశారు. మన సెర్దెయిరాలో సగం ఇళ్లు ఆ కథలతోనే కట్టినవి కదా! సరే, నేనే అచ్చు వేయించుకుంటాను. బ్రగాన్సాలో పెళ్లికార్డులూ చావుకబుర్లూ అచ్చువేసే అబీలియు గారితో మాట్లాడాను. మూడు వందల ప్రతులు.

మొదటి సగం ఈ కట్టలో పంపుతున్నాను. నీకు ఎక్కువ చదివితే కళ్లు నీరు కారతాయి కాబట్టి పోస్టు తెచ్చే బెర్తా చేత చదివించుకో. లియొనోర్‌కి మాత్రం ఇప్పుడే చెప్పకు. నేను కన్నాను, నువ్వు పెంచావు, ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్కతే. క్రిస్మస్‌కి ఫోను చేసి వానలు పడ్డాయా, ఒంట్లో ఎలా ఉంది అని అడిగి పెట్టేసింది. పుస్తకం చేతికొచ్చాక నేనే ఇస్తాను.

ఫోను చేయకు, నీకు ఫోనులో మాట పెగలదు. రాయి.

నీ ఇదలీనా


సెర్దెయిరా
1999 ఫిబ్రవరి 21

ఒసే ఇదలీనా,

నువ్వు నా చెల్లెలివేనా, దారిలో ఎవరైనా మార్చేశారా? అమ్మ నిన్ను బంగాళాదుంపలు ఏరమంటే గట్టు మీద కూర్చుని చీమలతో కబుర్లు చెప్పేదానివి. అప్పుడే అనుకోవాల్సింది.

శనివారం శనివారం ఊరి పొయ్యి దగ్గర, రై రొట్టెలు కాలేలోగా బెర్తా చదువుతోంది. మొదటి వారం నలుగురం. ఇప్పుడు కూర్చోడానికి చోటు లేదు. పోయిన శనివారం ఎవరూ పొయ్యి చూడక రొట్టెలన్నీ మాడాయి. ఇంటికెళ్లి అందరం మొగుళ్ల చేత తిట్లు తిన్నాం, మొగుళ్లున్నవాళ్లం.

నీ నవల్లో రొజాలియా దొంగదారిన సరిహద్దు దాటే చోట, మంచులో బూట్లకి గోనెపీలికలు కట్టుకుని నడిచే చోట, ముసలి కాందిదా లేచి నిలబడింది. "ఇది మా ఆయన నడిచిన దారే. ముప్పై ఏళ్లు అడిగాను, చచ్చేదాకా నోరు విప్పలేదు. ఇదలీనా చెప్పింది" అని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి బెర్తా చదవడం ఆపితే, "చదవవే, నా ఏడుపు నేను ఏడుస్తాను, నీ పని నువ్వు చెయ్యి" అని కసిరింది. అలా ఉంది ఇక్కడ. చర్చిలో ఫాదరుకి కూడా ఇంత నిశ్శబ్దం దొరకదు.

రెండు సంగతులు. ఒకటి, పూలకూజా పగిలిందని నిన్ను చెంపమీద కొట్టిన ఆ ఐదో అంతస్తు డాక్టరు పెళ్లాం అడ్రసు పంపు. ఆ ముండకి నేను ఉత్తరం రాస్తాను, తర్జుమా నువ్వు చెయ్యి. రెండు, ఆ రంగులేసే స్పెయినువాడు ఎవడు? భర్త పోయిన ఆడది తోడు కోరుకుంటే నేనేమైనా అంటానా? ఇన్నేళ్లు అక్కకి దాచి, ఇప్పుడు ఊరందరికీ ఒకేసారి చెప్తావా?

మిగతా కాగితాలు పంపు. ఆడవాళ్లు నన్ను బతకనివ్వడం లేదు.

నీ అక్క
పల్మీరా


పారిస్
1999 మార్చి 14

అక్కా,

స్పెయినువాడు లేడు. ఉంటే ముందు నీకే చెప్పేదాన్ని, నిజంగా. ఉంటే బాగుండేదని మాత్రం ఒప్పుకుంటున్నాను. రొజాలియా చలికాలమంతా ఒంటరిగా ఉంటే రాసే నాకే దిగులు పుట్టి, ఒక మనిషిని పంపాను.

డాక్టరు పెళ్లాం కూడా లేదు. ఆవిడ నడక రెండో అంతస్తుది, గొంతు ఆరో అంతస్తుది. ఆ చెంపదెబ్బ పక్కవీధిలో పనిచేసే మన మిన్యో ప్రాంతం పిల్ల తిన్నది. నా దగ్గరికొచ్చి, ఎర్రగా కందిన బుగ్గ చూపించి, కాఫీ తాగి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. ఆ దెబ్బ ఎవరికీ తెలియకుండా పోకూడదనిపించింది. అందుకని రొజాలియా చెంప అరువిచ్చాను. కథంటే అంతే అక్కా. ఉన్నవే తెచ్చి, వేరే గిన్నెలో వండడం. పొయ్యి దగ్గర అందరికీ గట్టిగా చెప్పు, జరిగింది జరిగినట్టు ఇందులో ఏదీ లేదని.

మన ఊరి ఆడవాళ్లు వింటున్నారని చదివి, ఆ రోజు నాలుగో అంతస్తు నుంచి కిందిదాకా పాట పాడుతూ తుడిచాను. మదాం వాస్యర్ తలుపు తీసి, "ఏమైంది, లాటరీనా?" అంది.

రెండో కట్ట పంపుతున్నాను, ఆరు, ఏడు అధ్యాయాలు. ఏడోది నాకు ప్రాణం. అది రాస్తూ ఒక పేజీ మీద కాఫీ ఒలకబోసుకున్నాను. మదాం వాస్యర్ చదివి, "ఇది రాయడానికే మిగతాదంతా రాశావు" అంది.

నీ ఇదలీనా


సెర్దెయిరా
1999 ఏప్రిల్ 18

ఇదలీనా గారికి,

ఏడో అధ్యాయం విన్నాం.

పిల్లని తీసుకెళ్లడానికి రొజాలియా పారిస్ నుంచి వస్తుందట. ఆమె అక్క ఇలారియా పిల్లని చెస్ట్‌నట్లు ఆరబెట్టే గుడిసెలో పెట్టి బయట గడియ వేస్తుందట. "ఎక్కడికి పోయిందో నాకేం తెలుసు" అని చేతులు తుడుచుకుంటుందట. తల్లి ఏడుస్తూ బస్సెక్కుతుందట.

బెర్తా చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది. చివరికి వినబడనంత తగ్గించింది. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడమే తలకొట్టేసినట్టయింది. మన ఊళ్లో గుడిసె ఎవరికుంది? చెల్లెలి కూతుర్ని పెంచింది ఎవరు? చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఇలారియా అని పేరు పెడితే నా ముఖం మారిపోతుందా?

నీ కూతురికి విషజ్వరం వస్తే పదకొండు రోజులు మంచం దిగని దాన్ని నేను. ఆ గడియ నేను వేశానా?

జరిగింది జరిగినట్టు ఇందులో ఏదీ లేదన్నావు. ఆ మాట అందరికీ చెప్పాను కూడా. శనివారం నుంచి రొట్టె ఇంట్లోనే కాల్చుకుంటున్నాను. ఇక కట్టలు పంపవద్దు.

పల్మీరా


పారిస్
1999 ఏప్రిల్ 27

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. మొదటిదాంట్లో, "అది కల్పన, ఇలారియా నువ్వు కాదు" అని రాశాను. అబద్ధం. చెంపదెబ్బ ఎవరిదో నీకు చెప్పగలిగాను. ఆ గడియ మాత్రం నేను ఎక్కడినుంచీ అరువు తేలేదు. అది నిజమని నమ్మాను. ఇరవై మూడేళ్లు నమ్మాను.

డెబ్భై ఆరులో, పునీతుల పండగకి, పిల్లని నాతో తీసుకెళ్లడానికి వచ్చాను. ఆయన పోయి మూడేళ్లయింది. నాకు నాలుగు రోజులే సెలవు. పిల్లకి ఎర్ర కోటు తెచ్చాను. మూడో రోజు పొద్దున లేచేసరికి పిల్ల లేదు. మధ్యాహ్నం దాకా ఊరంతా పిలిచాం. నువ్వు గుడిసె వైపు నుంచి వచ్చావు, ఆప్రానుకి చేతులు తుడుచుకుంటూ. "ఇక్కడ లేదు" అన్నావు. గుడిసె తలుపుకి బయట గడియ వేసి ఉంది, నేను చూశాను. నీ ముఖంలోకి చూస్తే, నువ్వు చూపు తిప్పుకున్నావు. అప్పుడు నాకు తెలిసిపోయిందనుకున్నాను.

నీతో ఒక్క మాట అనలేదు. నా బిడ్డని సాకుతున్నదానివి, ఏ నోటితో అడగను? తరువాత ప్రతి ఏడూ వచ్చాను, పోయాను, నీ చేతి సూపు తాగాను. ఆ గడియ మాత్రం నా లోపలే ఉంది. ఆరేళ్లు ఆ రెండు గంటలూ కూర్చుని రాసింది దాన్ని బయటికి తీయడానికేనేమో.

నాది తప్పయితే చెప్పు. నాది తప్పవ్వాలనే ఉంది.

ఇదలీనా


సెర్దెయిరా
1999 మే 9

ఇదలీనా,

వారం రోజులు నీ ఉత్తరం ఆప్రాను జేబులో పెట్టుకు తిరిగాను. ఇప్పుడు బల్ల ముందు కూర్చున్నాను. తప్పులుంటే నీ మదాం దిద్దుకుంటుంది.

గుడిసెకి బయట గడియ ఎప్పుడూ ఉండేది. పందులు దూరకుండా నాన్నే పెట్టాడు. ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లో పెరిగి ఆ మాటే మరిచిపోయావా? పిల్ల వెనకవైపు నుంచి దూరింది. చెస్ట్‌నట్లు పోసే కంత లేదూ, అక్కడినుంచి. నేను గడియ తీసి లోపల చూశాను, పిలిచాను. అటక మీద గోనెల కింద ముడుచుకుని ఊపిరి బిగబట్టిందట. కనబడలేదు. చెస్ట్‌నట్లు ఆరడానికి కింద ఇంకా నిప్పు పెట్టలేదు కాబట్టి బతికింది. మళ్లీ గడియ వేసి నీ దగ్గరికొచ్చి, లేదన్నాను. లేదనే అనుకున్నాను. చూపు తిప్పుకున్నానంటావా, నీ చేతిలో ఆ ఎర్ర కోటు చూడలేక.

నీ బస్సు మలుపు దగ్గర హారను కొట్టింది. ఆ చప్పుడుకి ఇది తనంతట తానే కంతలోంచి బయటికి దూకింది. ఒళ్లంతా మసి.

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టే. కానీ నువ్వు నిజం రాశావు, నేనూ రాస్తాను.

దాన్ని చూడగానే నాకు కోపం రాలేదు, సంతోషం వచ్చింది. బస్సు కొండ చుట్టూ తిరిగి వంతెన దగ్గరికి వచ్చేసరికి పావుగంట పడుతుంది. అడ్డదారిన పిల్లని చంకనేసుకుని పరిగెత్తితే ఐదు నిమిషాలు. ఆ దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. నేను దారి మొదట్లో నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. వంతెన మీద బస్సు వెళ్లిపోవడం చూసి, పిల్లకి స్నానం చేయించడానికి నీళ్లు పెట్టాను. నీకు ఉత్తరం వారం తరువాత రాశాను, "సాయంత్రం దొరికింది" అని.

దాన్ని దాచడానికి గడియ వేయలేదు, ఇదలీనా. పరిగెత్తలేదు. రాస్తే అది రాయి.

పల్మీరా


పారిస్
1999 జూన్ 20

అక్కా, నా అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. మూడో అంతస్తు ఆయన పైకి వెళ్లడానికి దారి లేక, టోపీ చేత్తో పట్టుకుని, నేను ముగించేదాకా నిలబడ్డాడు పాపం.

నీ వంతు నువ్వు చెప్పావు. నా వంతు విను. మర్నాడు ఇంకో బస్సు ఉంది. సెలవు ఇంకా ఒక రోజు ఉంది. పని పోతుందని ఎక్కేశానని అందరికీ చెప్పాను, నాకు నేనూ అలాగే చెప్పుకున్నాను. అసలు సంగతి, నా బిడ్డ నన్ను చూసి పారిపోయింది. రేపు మళ్లీ పారిపోతే చూడలేననుకున్నాను. అందుకే ఎక్కాను, వెనక్కి తిరిగి చూడలేదు. తప్పు నీ మీద పెడితే, నా బిడ్డ నన్ను వద్దనుకుందని ఒప్పుకోనక్కర్లేదు. అది ఆ గడియ కథ.

అబీలియు గారికి ఫోను చేసి అచ్చు ఆపించాను. ఏడో అధ్యాయం అప్పటికే అక్షరాలు పేర్చేశారట, గొణిగారు. నేను కొత్తది రాసి దీంతోపాటు పంపుతున్నాను. ఇందులో ఇలారియా దారి మొదట్లో నిలబడి ఉంటుంది, రొజాలియా బస్సులో వెనక్కి చూడదు. ఎవరూ గడియ వేయరు.

మదాం వాస్యర్ మొదట పోట్లాడింది. "పాతదే గొప్పగా ఉంది, కథకి ఒక దుర్మార్గురాలు ఉండాలి" అంది. "మీ కథకి పెట్టుకోండి" అన్నాను. కొత్తది తీసుకుని పైకి వెళ్లింది. సాయంత్రం కిందికి దిగొచ్చింది, ఆవిడ మెట్లు దిగి రెండు నెలలైంది. "నేను ఇద్దరి పక్షమూ" అని, నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది.

ఒక్క చోట మాత్రం కలం సాగలేదు. గుడిసెలో పిల్ల ఏమనుకుంది? మనం పిలుస్తుంటే ఎందుకు పలకలేదు? అది నాకు తెలియదు, అల్లడానికి మనసు రాలేదు. అర పేజీ ఖాళీగా వదిలేశాను. లియొనోర్‌ని అడిగే ధైర్యం నాకు లేదు.

నువ్వు సరేనంటేనే అచ్చు వేయిస్తాను. వద్దంటే మూడు వందల పేజీలూ అలమరలో పెట్టి, ఇంకో నవల రాస్తాను, రంగులేసే స్పెయినువాడి గురించి.

మోకాలి ఆపరేషను జూలై ఆఖర్లో. కాబట్టి ఆగస్టులో ఊరి పండగకి రాలేను. పుస్తకం వస్తే నేను లేకుండానే రావాలి.

నీ ఇదలీనా


సెర్దెయిరా
1999 జూలై 1

అబీలియు గారి దుకాణానికి నేనే వెళ్లాను. వేయమన్నాను. పొయ్యి దగ్గర కొత్త అధ్యాయం బెర్తా చేత చదివించాను, నేను అక్కడే కూర్చుని. అయ్యాక కాందిదా నా ఒళ్లో ఒక రొట్టె పెట్టి వెళ్లింది.

పల్మీరా


సెర్దెయిరా
1999 ఆగస్టు 16

ఒసే ఇదలీనా,

కుంటుతూ నడుస్తున్నావా? డాక్టరు చెప్పినట్టు విను, మెట్ల మీద చెయ్యి వేశావంటే నేనొచ్చి తంతాను. ఇప్పుడు కాళ్లు చాపుకుని కూర్చుని నిన్న జరిగింది చదువు.

నీ పుస్తకం విడుదల ఫైరు సిబ్బంది హాలులో పెట్టాం. ఊరి పండగ కదా, ఫ్రాన్సు కార్లూ జర్మనీ కార్లూ చర్చి దాకా ఆగి ఉన్నాయి. వంద మంది వస్తారనుకుంటే తలుపుల బయట కూడా నిలబడ్డారు. పెద్ద పెద్ద మగాళ్లు, నలభై ఏళ్లు సిమెంటు మోసినవాళ్లు, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని అట్ట మీద నీ పేరు వేలితో తడిమి చూస్తున్నారు. ఇప్పుడెవరు చదువుతారన్న ఆ లిస్బన్ ఆయన్ని తీసుకొచ్చి ఆ గుమ్మంలో నిలబెట్టాల్సింది.

లియొనోర్‌కి పుస్తకం నేనే ఇచ్చాను, వారం ముందు. నువ్వు ఇస్తానన్నావు, కానీ నీ కాలు మంచం మీద ఉంది. తన కళ్లజోళ్ల దుకాణం రెండు రోజులు మూసేసిందట. నాకు ఫోను లేదు, కబురు లేదు. హాలుకి వచ్చి వెనక వరసలో నిలబడింది. పలకరిస్తే, "తరువాత మాట్లాడదాం" అంది.

బెర్తా ఏడో అధ్యాయం మొదలుపెట్టింది. బస్సు హారను దగ్గర ఏడుపొచ్చి ఆగిపోయింది. నీళ్లు తాగింది, మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగిపోయింది. అప్పుడు లియొనోర్ ముందుకొచ్చి పుస్తకం అందుకుంది. కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివింది, మందు చీటీ చదివినట్టు. ఖాళీగా వదిలిన అర పేజీ వచ్చింది. ఆగింది.

"ఇక్కడ ఏమీ రాయలేదు" అంది. "రాసినావిడకి తెలియదు కాబట్టి రాయలేదు. నేను చెప్తాను, ఆ గుడిసెలో ఉన్నది నేనే."

అందరూ కుర్చీల్లో కదిలారు.

"ఇద్దరూ నన్ను పిలుస్తున్నారు. గోనెల కింద నాకు వినబడుతోంది. ఇద్దరి గొంతూ ఒకటే. ఏది ఎవరిదో తెలియడం లేదు. పలికితే ఎవరో ఒకరు నన్ను తీసుకెళ్తారు, రెండోవాళ్లు ఏడుస్తారు. పలక్కపోతే ఇద్దరూ పిలుస్తూనే ఉంటారు. అందుకని పలకలేదు. నాకు ఏడేళ్లు. నేను ఎవరి నుంచీ పారిపోలేదు. ఇద్దరూ అలా పిలుస్తూనే ఉండాలనుకున్నాను. బస్సు హారను వినగానే, పిలిచేవాళ్లలో ఒకరు వెళ్లిపోతున్నారని తెలిసి బయటికి దూకాను."

అంతే అంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అధ్యాయం చివరిదాకా చదివింది.

ఇదలీనా, ఆ హాల్లో నేను ఏడ్చిన ఏడుపు అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. వెనక నుంచి స్విట్జర్లాండులో పనిచేసే ఒకాయన లేచి, "నా కొడుకు కూడా అటక ఎక్కాడు" అన్నాడు. ఇంకొకరు లేచారు. తరువాత ఎవరెవరు ఏమన్నారో నాకు గుర్తులేదు. మూడు వందల పుస్తకాల్లో పదకొండు మిగిలాయి. అబీలియు గారు ఇంకో మూడు వందలు వేయాలా అని అడుగుతున్నారు. తప్పకుండా వేయమన్నాను, నిన్ను అడగలేదు.

నేను ఎన్నోసార్లు నిన్ను తిట్టుకున్నాను, మెట్లు తుడిచి తుడిచి దీనికి బుర్ర కూడా అరిగిపోయిందని. ఇప్పుడు చెప్తున్నాను విను. నువ్వు ఆ మెట్ల కింద కూర్చుని రాయకపోతే, మనం ముగ్గురం ఎవరి గడియ వాళ్లం లోపల పెట్టుకునే చచ్చిపోయేవాళ్లం. కన్నదానివి నీకు నోరు పెగల్లేదు, పెంచినదాన్ని నాకూ పెగల్లేదు. నీ చెయ్యే ఆ పని చేసింది.

రాత్రి భోజనం దగ్గర లియొనోర్ అడిగింది, నీకు ఆపరేషను అయ్యాక ఆ చెత్తడబ్బాలు ఎవరు తోస్తున్నారని. ఎవరో మనిషిని పెట్టారట అన్నాను. "మూడు వారాలు దుకాణం మూస్తాను, నేను తోస్తాను" అంది. బుధవారం బయలుదేరుతోంది, శుక్రవారం పొద్దున్నే నీ తలుపు దగ్గర ఉంటుంది. నీ గదిలో రెండో మంచం పట్టదని చెప్పాను. నేల ఉంది కదా అంది.

దాని చేత నీకు అల్హెయిరా సాసేజీలు, తేనె, ఒక సంచీ బంగాళాదుంపలు పంపుతున్నాను. తలుపు తీసి ఉంచు. ఏం మాట్లాడాలో మాత్రం ముందే రాసిపెట్టుకోకు.

నీ అక్క
పల్మీరా